బండ పగిలితే నష్టం ఎవరికి?

కరీంనగర్‌కు సముద్రం లేదు. ఆ మాటకొస్తే తెలంగాణకే లేదు. అయినా మన క్వారీల్లో తీసిన టాన్ బ్రౌన్ గ్రానైట్ చైనా దాకా పోతది. ఇక్కడ రైలెక్కి, కాకినాడ లాంటి రేవుకు చేరి, అక్కడ ఓడెక్కుతది. మనం ఆన్‌లైన్‌లో చెప్పుల జత కొంటే ‘ఫ్రీ డెలివరీ’ చూసి నొక్కేస్తాం. దారిలో పోతే రీఫండ్ వస్తది. 20 టన్నుల బండకు రీఫండ్ బటన్ ఏముంటది?

క్వారీ వ్యాపారంలో ఉన్న దోస్తు ఒకడు అంటుంటాడు: ‘రేటెంత అని అందరూ అడుగుతరు. ఏ జాగ దాకా రేటు అని ఒక్కడూ అడగడు.’ అసలు లెక్కంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది. దానికి జవాబు చెప్పేవే ఇన్‌కోటర్మ్స్. పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి వీటిని మొదట 1936లో తెచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది 2020 నాటి కూర్పు. మొత్తం 11 ఉన్నాయి, ఒక్కోదానికి మూడేసి ఇంగ్లిష్ అక్షరాలు. అన్నీ బట్టీ పట్టక్కర్లేదు, మన బండకు మూడు చాలు.

మొదటిది ఈఎక్స్‌డబ్ల్యూ. ‘సరుకు నా క్వారీలో ఉంది, వచ్చి తీసుకుపో’ అన్నట్టు. లారీకి ఎక్కించే బాధ్యత కూడా అమ్మేవాడిది కాదు. వినడానికి హాయిగానే ఉంది. కానీ ఎగుమతి కస్టమ్స్ పని కూడా కొనేవాడే చూసుకోవాలి. ఎక్కడో చైనాలో కూర్చున్న కంపెనీ ఇక్కడి కాగితాల వెంట ఎట్ల తిరుగుతది?

రెండోది ఎఫ్‌ఓబీ. ‘ఎఫ్‌ఓబీ కాకినాడ’ అని రాసుకుంటే రైలు కిరాయి, కస్టమ్స్, ఓడ మీదికి ఎక్కించే ఖర్చు అన్నీ అమ్మేవాడివే. బండ ఓడలో దిగాక ఏం జరిగినా కొన్నవాడి పాలు. వెనకట ఇంకో రూలుండేది. బండ ఓడ అంచు దాటిందా లేదా అని చూసేవాళ్లు. అంటే క్రేన్‌కు వేలాడుతున్న బండ జారితే, అది అంచుకు ఇవతల పడిందా అవతల పడిందా అని పంచాయితీ! 2010 కూర్పులో ఆ గీత తీసేశారు.

అసలు తిరకాసు మూడోదైన సీఐఎఫ్‌లో ఉంది. చైనాలోని షియామెన్ రేవు దాకా ఓడ కిరాయి, బీమా అమ్మేవాడే కడతాడు. అయితే రిస్క్ కూడా అక్కడిదాకా ఆయనదే అనుకుంటాం కదా? కాదు. రిస్క్ కాకినాడలో ఓడెక్కినప్పుడే కొన్నవాడికి మారిపోయింది. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే ఖర్చు, రిస్క్ రెండు వేర్వేరు వేరియబుల్స్.

2025 మే 25న కొచ్చి తీరంలో ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ 640 కంటైనర్లతో మునిగింది. సీఐఎఫ్‌లో కొన్న సరుకు అట్ల మునిగినా, కాగితాలు సరిగ్గా ఉంటే కొన్నవాడు డబ్బు కట్టాల్సిందే. తర్వాత బీమా కంపెనీ వెంట పడాలి. ఆ బీమా కూడా, వేరే ఒప్పందం లేకపోతే, కనీస రకమే. ఓడ మునిగితే వస్తది గానీ, అల వచ్చి డెక్ మీది సరుకును ఊడ్చుకుపోతే రాదు.

ఇంకో మాట. అమెరికాలో ఎఫ్‌ఓబీ అన్న మాటను వాళ్ల సొంత చట్టంలో వేరే అర్థంతో కూడా వాడతారు. అందుకే వట్టి మూడక్షరాలు రాసి వదిలేయొద్దు. ‘ఎఫ్‌ఓబీ కాకినాడ, ఇన్‌కోటర్మ్స్ 2020’ అని రేవు పేరు, సంవత్సరం రెండూ పెట్టాలి. డబ్బు ఎప్పుడు ఇవ్వాలి, యాజమాన్యం ఎప్పుడు మారుతుంది అనేవి మాత్రం ఇందులో ఉండవు. వాటికి వేరే రాసుకోవాలి.

ఇదంతా క్వారీ ఓనర్ల గోల, మనకెందుకు అంటారా? డల్లాస్‌లో ఉన్న అక్కకు పట్టుచీరలు పంపేవాళ్లకూ ఇది తగిలింది. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. మన తపాలా శాఖ చాలా రకాల పార్సిళ్లు ఆపేసి, అక్టోబర్ 15న మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి అమెరికా సుంకాన్ని బుకింగ్ అప్పుడే, ఇక్కడే వసూలు చేస్తూ. ఇన్‌కోటర్మ్స్‌లో దీనికి దగ్గరిది డీడీపీ. అంటే సుంకంతో సహా అంతా పంపేవాడిదే. అక్క గుమ్మం ముందు ఎవరూ డాలర్లు అడగరు, కరీంనగర్‌లో కౌంటర్ దగ్గర మన జేబులోంచే పోతాయి.