రాగి బిస్కట్‌లో రాగులెన్ని?

గత నెల మన మండల కమిటీ సమావేశం రాగులు, జొన్నల ధరల మీదే జరిగింది. మధ్యాహ్నం టీ వచ్చింది. టీతోపాటు పళ్లెంలో రాగి బిస్కట్లు వచ్చాయి. తెప్పించిన కార్యకర్త మంచి ఉద్దేశంతోనే తెప్పించాడు, రాగుల గురించి మాట్లాడుకునే చోట మైదా బిస్కట్లు పెడితే ఏం బాగుంటుందని. ప్యాకెట్ ముందువైపు బంగారు రంగు కంకులు, వాటి వెనక తలపాగా చుట్టుకుని నవ్వుతున్న రైతు. మనలో ఒకరు కళ్లజోడు సవరించుకుని ప్యాకెట్ వెనక్కి తిప్పి పైకి చదివారు. మొదట మైదా. తర్వాత పంచదార. ఆ తర్వాత పామాయిల్. నాలుగో స్థానంలో రాగి పిండి, దాని పక్కన 10 శాతం అని అంకె.

వంద గ్రాముల ప్యాకెట్, ధర 20 రూపాయలు. అక్కడికక్కడే లెక్క వేశాం. 2025-26కు కేంద్రం ప్రకటించిన రాగుల మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు, అంటే కిలో 49 రూపాయల లోపే. ప్యాకెట్‌లో ఉన్నవి పది గ్రాములు. రాగి రైతుకు అందులో ముట్టేది 49 పైసలు. అదీ మద్దతు ధర దక్కితే. బొమ్మలో మాత్రం రైతును నిండుగా వేశారు.

అందరం నవ్వుకున్నాం. నవ్వుకుంటూనే ప్యాకెట్లన్నీ ఖాళీ చేశాం, అదీ ఒప్పుకోవాలి.

కంపెనీ అబద్ధమాడిందా అంటే లేదు. దినుసులను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలని ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. ప్యాకెట్ మీద ప్రత్యేకంగా గొప్ప చేసి చూపిన దినుసు ఎంత శాతం ఉందో కూడా రాయాలి. రాశారు. ఆవగింజంత అక్షరాల్లో, వెనకవైపు, ప్యాకెట్ మడతపడే చోట రాశారు. నిజం వెనకాల ఉంది, బొమ్మ ముందుంది. అంగట్లో నిలబడిన మనిషి ఒక్కో వస్తువుకు ఇచ్చే సమయం కొన్ని క్షణాలు. ఆ క్షణాల్లో కన్ను ముందువైపే చూస్తుంది, మనసు అక్కడే సమాధానపడిపోతుంది. రాగి మంచిది, ఇది రాగిది, కాబట్టి ఇది మంచిది. ఈ మూడు మెట్లూ మనకు తెలియకుండానే ఎక్కేస్తాం. ఆ మెట్లు కట్టడానికే కంపెనీలు మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్లకు జీతాలిస్తున్నాయి.

ప్రకటనలు చూసి మోసపోయేది పట్నంవాళ్లు, మనం కాదు అని మనలో చాలామందికి ఒక ధీమా ఉంది. విత్తనాల ప్యాకెట్ మీద బొమ్మ చూసి ఎన్నిసార్లు మునిగామో గుర్తుచేసుకుంటే ఆ ధీమా నిలవదు. పురుగుమందు డబ్బా మీది పులి బొమ్మ ఏ పనిచేస్తుందో, చిప్స్ ప్యాకెట్ మీది క్రికెటర్ బొమ్మా ఆ పనే చేస్తుంది.

అమెరికాలో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో కొన్ని ప్రయోగాల ఫలితాలు ప్రచురించాడు. జనానికి అర్థం తెలియని మాటలు, చైనా లిపిలాంటి గుర్తులు కొన్నిటిని ఎక్కువసార్లు, కొన్నిటిని తక్కువసార్లు చూపించాడు. ఎక్కువసార్లు కంటబడినవే మంచి అర్థం ఉన్నవని జనం అనుకున్నారు. కారణమేమీ లేదు, కంటికి అలవాటవడమే. టీవీలో ఒకే ప్రకటన రోజుకు ఇరవైసార్లు ఎందుకు వేస్తారో దీన్నిబట్టి అర్థమవుతుంది. మనం దాన్ని విసుక్కుంటాం. విసుక్కున్నా పేరు చెవిలో ఉండిపోతుంది. కొట్టుకు వెళ్లి నిలబడినప్పుడు నోటికి ఆ పేరే వస్తుంది.

మన ఊరి కిరాణా కొట్టునే చూడండి. ముందు తోరణాల్లా వేలాడేవి ఏమిటి? ఐదు రూపాయల, పది రూపాయల చిప్స్, కుర్‌కురే ప్యాకెట్ల దండలు. అవి వేలాడేది పిల్లవాడి చెయ్యి అందే ఎత్తులో. పల్లీలు, బెల్లం, సజ్జలు ఎక్కడున్నాయి? లోపల, గోనె సంచుల్లో, అడిగితే తీసి తూచి ఇస్తారు. పట్నం సూపర్ మార్కెట్లలో కంటికి ఎదురుగా ఉండే అరకు కంపెనీలు డబ్బు కడతాయి. పల్లెలో అంత లేకపోయినా, దండ కట్టుకోవడానికి కొక్కెం, తలుపుకు రంగు, పైన పేరు రాసిన బోర్డు కంపెనీవాళ్లే పెట్టిస్తారు. సజ్జలు పండించిన రైతు ఏ కొట్టుకూ బోర్డు పెట్టించలేడు.

ఐదు రూపాయలన్న ధర కూడా ఊరికే పుట్టలేదు. బడికి వెళ్లే పిల్లవాడి చేతిలో పెట్టే బిళ్ల అది. ఖర్చులు పెరిగినప్పుడు కంపెనీ ఆ ధర ముట్టుకోదు, లోపలి సరుకు తగ్గిస్తుంది. ధర పెరిగితే మనకు వెంటనే తెలుస్తుంది, బరువు తగ్గితే తెలియదు. గ్రాముకు ఎంత పడుతుందో ప్యాకెట్ మీద వేయాలని ఇప్పుడు నిబంధన ఉంది. ఒకసారి ఆ అంకెను వెయ్యితో హెచ్చవేసి కిలో ధర చూడండి. ఆ పక్కనే మనం ఆలుగడ్డ కిలో ఎంతకు అమ్ముకున్నామో రాసుకోండి.

ఇక నూనె సంగతి. అన్నిటికంటే మనల్ని ఎక్కువగా దెబ్బతీసింది ఇదే.

ఒక తరం వెనక్కి వెళితే రాయలసీమ ఇళ్లలో వంటనూనె అంటే వేరుశనగ నూనె. గానుగ దగ్గర నిలబడి ఆడించి తెచ్చుకునేవాళ్లం. కాగితే వీధి చివరికి వాసన వచ్చేది, ఏ ఇంట్లో బూరెలు వండుతున్నారో తెలిసేది. వాసనే నూనె మంచితనానికి గుర్తు. తర్వాత రంగూ వాసనా లేని నూనెలు పారదర్శకమైన ప్యాకెట్లలో వచ్చాయి. వాటిని అమ్మాలంటే ముందు వాసన అనేది ఒక లోపమని మనకు నేర్పాలి. నేర్పారు. చిక్కటి నూనె ‘బరువు’, నీళ్లలాంటి నూనె ‘తేలిక’ అన్నారు. నిజానికి ఏ నూనె అయినా గ్రాముకు తొమ్మిది కేలరీలే. తేలిక అన్నది కంటికే.

ఆ తర్వాత వచ్చింది ‘కొలెస్ట్రాల్ లేదు’ అన్న మాట, పక్కన ఎర్రటి గుండె బొమ్మ. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే చెప్పుకోదగ్గంత ఉంటుంది. గింజల నుంచి తీసే నూనెలో ఎన్నడూ లేదు, మన గానుగ నూనెలోనూ లేదు. మా బావి నీళ్లలో ఎముకలు లేవని బోర్డు పెట్టుకున్నట్టుంది ఆ మాట. కానీ బోర్డు పెట్టినవాడి బావిలో ఎముకలు లేవంటే, పెట్టనివాడి బావిలో ఉన్నాయేమోనని అనుమానం పుడుతుంది. వేరుశనగ నూనె మీద ఆ అనుమానం పుట్టించి వదిలారు. గుండె జబ్బు భయంతో ఎన్ని ఇళ్లలో ఆ నూనె మానేశారో మనకు తెలుసు. మన ఇళ్లలోనూ మానేశారు.

వేరుశనగ రైతు చితికిపోవడానికి ప్రకటనలొక్కటే కారణమంటే అది అన్యాయమైన మాట. కరువులున్నాయి, తెగుళ్లున్నాయి, విత్తనకాయల ఖర్చుంది. అన్నిటికీ మించి ప్రభుత్వ విధానం ఉంది. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టారు, 90ల మొదటికి దేశం వంటనూనెల్లో దాదాపు సొంత కాళ్ల మీద నిలబడింది. 1994లో పామోలిన్ దిగుమతికి గేట్లు తెరిచారు. ఈనాడు మనం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది. ముడి నూనెల మీద సుంకం 2024 సెప్టెంబరులో పెంచి, ఏడాది తిరక్కుండానే 2025 మే నెలాఖరులో తగ్గించారు. అన్నీ కలిపి 5.5 శాతం ఉన్నది 27.5 అయింది, మళ్లీ 16.5కు దిగింది. సుంకం చూసి విత్తనం వేసిన రైతు కోతకు వచ్చేసరికి లెక్క మారిపోయింది. దిగుమతి నూనెను చవక చేసింది విధానం. దాన్ని గౌరవంగా వంటింట్లోకి తీసుకెళ్లింది గుండె బొమ్మ. రెండూ కలిసే పనిచేశాయి.

ఇక్కడ మనలో మనం ఒక మాట అనుకోవాలి. గోదావరి జిల్లాల్లో, ఖమ్మంలో మన సంఘ సభ్యులే పామాయిల్ తోటలు వేశారు. దేశంలో పామాయిల్ గెలలు ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. కాబట్టి పామాయిల్ విషం, వేరుశనగ అమృతం అని రాయడం మన పని కాదు. ఏ నూనె అయినా మితం తప్పితే చెరుపే చేస్తుంది. మనం అడిగేది ఒక్కటే, లోపల ఏముందో ముందువైపు పెద్దక్షరాల్లో రాయండి అని. రెండు నూనెలు కలిపి అమ్మేటప్పుడు ఏదీ 20 శాతానికి తగ్గకూడదన్నది నిబంధన. అంటే 80 పాళ్లు చవక నూనె, 20 పాళ్లు ఖరీదైన నూనె కలిపినా చెల్లుతుంది. కొనేవాళ్ల మనసులో నిలిచేది ఆ ఖరీదైన నూనె పేరే. పేరు దాచకుండా అమ్మితే పామాయిల్ రైతుకూ మేలే, మా గెలల నూనె ఇది అని అతనూ చెప్పుకోగలడు.

బియ్యం దగ్గర మోసం కంటే మన మోజే ఎక్కువ. సన్నగా, తెల్లగా, మెరిసేలా ఉంటేనే బియ్యం. పెళ్లిలో దొడ్డు బియ్యం వండితే వియ్యాలవారు ఏమనుకుంటారో! ఈ మోజుకు ఖర్చు కట్టేది ఎవరు? బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, మనం బీపీటీ 5204 అని పిలిచేది, అన్నం రుచిలో దానికి సాటి లేదు. ఎండాకు తెగులుకూ అగ్గితెగులుకూ కూడా అది అంత తేలిగ్గానే లొంగుతుంది. తినేవారి కంటికి నచ్చినందుకు పండించేవారు అదనంగా మందులు కొట్టారు. మరపట్టి తెల్లగా పాలిష్ చేసినప్పుడు విటమిన్లలో పెద్ద భాగం తవుడులో పోతుంది. ఆ తవుడు మిల్లు నుంచి నూనె కర్మాగారానికి వెళుతుంది, తవుడు నూనెగా మారి సీసాలో తిరిగొస్తుంది. సీసా మీద మళ్లీ గుండె బొమ్మే! మన వడ్ల నుంచే గీకి తీసిన దాన్ని ఆరోగ్యం పేరుతో మనమే కొనుక్కుంటున్నాం. మన అవ్వలు దంపుడు బియ్యం తిన్నప్పుడు దాన్ని పేదరికం అన్నారు. ఇప్పుడు అదే బియ్యం కిలో ప్యాకెట్లలో ‘సంప్రదాయం’ పేరుతో రెండింతల ధరకు అమ్ముతున్నారు. సంగటి, జొన్నరొట్టె కథా ఇంతే. మనం తిన్నన్నాళ్లూ చిన్నచూపు, హోటల్ మెనూలో ఎక్కగానే గొప్ప.

అయితే మార్కెటింగ్ అన్నదే పాపమా? కాదు. కోడిగుడ్డు సంగతి తెలిసినవాళ్లు అలా అనరు. 80ల మొదట్లో గుడ్డు ధర వ్యాపారులు చెప్పిందే. దాణా ఖర్చు కూడా రాక ఎన్నో ఫారాలు మూతబడ్డాయి. అప్పుడు బి.వి.రావు వంటివారు ఊరూరా తిరిగి కోళ్ల రైతులను కూడగట్టి 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ, మనందరం నెక్ అని పిలిచేది, ఏర్పాటు చేశారు. మన గుడ్డు ధర మనమే ప్రకటించుకుందామన్నారు. ఆ తర్వాత ఆదివారం సోమవారం తేడా లేకుండా రోజూ గుడ్డు తినమని టీవీలో పాట వేయించారు. ఆ పాట తెలియని ఇల్లు లేదు. కంపెనీలు వాడే మంత్రమే, మళ్లీ మళ్లీ వినిపించడం. కాకపోతే చెప్పింది గుడ్డు గురించి, ఇచ్చింది గుడ్డే. గుడ్డు బొమ్మ వేసి మైదా అమ్మలేదు. (ఆ రంగంలో ఈనాడు చిన్న రైతులు పెద్ద కంపెనీలకు కూలికి కోళ్లు పెంచే పరిస్థితి ఎలా వచ్చిందన్నది వేరే వ్యాసం. అదీ రాస్తాం.)

రాగి రైతుకు, వేరుశనగ రైతుకు అలాంటి వేదిక లేదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, ప్రతిపాదించింది మన దేశమే. ఏడాదంతా సభలు, వంటల పోటీలు జరిగాయి. గిరాకీ పెరిగిన మాట నిజం. ఆ గిరాకీని ప్యాకెట్ల కంపెనీలు పది గ్రాముల లెక్కన పట్టుకుపోయాయి. ప్రభుత్వం రాగులను మద్దతు ధరకు కొని అంగన్‌వాడీకి, హాస్టల్‌కు, మధ్యాహ్న భోజనానికి నేరుగా ఇస్తే ఏ ప్రకటనా అక్కర్లేదు. పిల్లలకు రుచి అక్కడే అలవాటవుతుంది. జాయన్స్ చెప్పింది ఇక్కడా పనిచేస్తుంది.

లేబుళ్ల మీద పోరాటం కూడా మనదే. చిలీ దేశంలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల మీద ముందువైపే నల్లటి ఎనిమిది మూలల ముద్ర వేస్తున్నారు. చదువు రానివాళ్లకూ అర్థమయ్యే గుర్తు అది. మన ఆహార భద్రతా సంస్థ 2022లో తెచ్చిన ముసాయిదాలో హెచ్చరిక లేదు, నక్షత్రాలున్నాయి. చిప్స్ ప్యాకెట్‌కు ఒకటిన్నర నక్షత్రం వేస్తే మన పిల్లవాడు దాన్ని హెచ్చరిక అనుకుంటాడా, బహుమానం అనుకుంటాడా? 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా ఈ విషయం తేల్చమని గడువు పెట్టింది. నక్షత్రాలు వద్దు, నల్లముద్ర కావాలన్నదే మన సంఘం మాట. దాని పక్కనే, బొమ్మ వేసిన ధాన్యం ఎంత శాతం ఉందో బొమ్మ ఉన్న వైపే రాయాలి. బొమ్మ ఎంత పెద్దదైతే అంకె అంత పెద్దదిగా ఉండాలి. జిల్లా కమిటీలు ఈ రెండు డిమాండ్లనూ మద్దతు ధర వినతిపత్రంలోనే చేర్చాలని కోరుతున్నాం.

మండల సమావేశానికి మాత్రం ఇకనుంచి బిస్కట్లు కొనకూడదని తీర్మానించాం. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పెడతాం. పొట్టు ఎవరు ఊడుస్తారన్న చర్చ తీర్మానం కంటే ఎక్కువసేపు నడిచింది. తిన్నవాళ్లే ఊడ్వాలని చివరికి అధ్యక్షుడు తేల్చాడు.