దరఖాస్తులో మొదటి రెండు గడులు

ఉద్యోగ దరఖాస్తు ఏదైనా మొదట అడిగేది పేరు, ఆ వెంటనే పుట్టిన తేదీ. చదువు, అనుభవం, నేర్చిన పని అన్నీ వాటి కిందే వస్తాయి. చూసేవారి కన్ను కిందికి దిగేలోపే ఒక అభిప్రాయం కుదిరిపోతుందా? కుదురుతుంటే ఆ రెండు గడులనూ మూసిపెట్టడం సబబేనా? తెలుగువారికి ఇది దూరపు ప్రశ్న కాదు. పేరు చివర రెడ్డి, చౌదరి, శర్మ, గౌడ్, యాదవ్ అని ఉంటే కులం చెప్పకనే తెలుస్తుంది. అదేమీ లేకపోతే ఇంటిపేరును బట్టి ఆరా తీస్తాం. ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో కనిపిస్తున్నా ఆ అలవాటు పోలేదు. ఇక పెంటయ్య, ఎల్లమ్మ వంటి పేర్లు వింటే పల్లె, పేదరికం, పాతకాలం మూడూ ఒక్కసారే మనసులోకి వస్తాయి. పుట్టిన పిల్లలు దక్కని తల్లి, ఈ బిడ్డయినా బతకాలని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, తిరిగి తీసుకుని పెట్టుకున్న పేరు పెంటయ్య. అందులోని ఆశ దరఖాస్తు చూసే అధికారికి తెలియదు. సూర్యకాంతం తెరమీద గయ్యాళి అత్తగా అంత గొప్పగా నటించడం వల్లే ఆ పేరు పిల్లలకు పెట్టడం మానేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. పేరు మోసే భారంలో చాలావరకు దాని సొంతదారు చేసుకున్నది కాదు.

పేరును మూసిపెట్టాలనేవారి వాదనకు గట్టి ఆధారమే ఉంది. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన పరిశోధనలో 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానంగా ఉన్నా, అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే పిలుపు వచ్చే అవకాశం దళిత పేరుకు సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడో వంతుగా తేలింది. అవి ప్రైవేటు కంపెనీలు పత్రికల్లో ఇచ్చిన ప్రకటనలు. ఆధునికమని చెప్పుకునే రంగమే. అయితే దీన్నే చివరి మాటగా తీసుకోలేం. ఢిల్లీ ప్రాంతంలో అభిజిత్ బెనర్జీ, మరికొందరు ఇదే పద్ధతిలో చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు కులాన్ని బట్టి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాల్‌సెంటర్ ఉద్యోగాల్లో మాత్రం కనిపించింది. నైపుణ్యాన్ని సూటిగా పరీక్షించగల చోట పేరు బలం తగ్గుతుందనీ, మాటతీరును అంచనా కట్టాల్సిన చోట పెరుగుతుందనీ దీన్నుంచి అనుకోవచ్చు. అది సాధ్యమైన వివరణే తప్ప రుజువైన సంగతి కాదు.

పేరు మూయడం మనకు కొత్తేమీ కాదు. పదో తరగతి, ఇంటర్ జవాబుపత్రాలు స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లేముందు పేరూ నంబరూ కనబడకుండా కోడింగ్ చేస్తారు. ఏ అయ్యవారూ దాన్ని తనమీద అపనమ్మకంగా భావించలేదు. సివిల్ సర్వీసుల తుది లెక్కలో 2,025 మార్కులుంటే 1,750 ఇలా ముఖం తెలియకుండా వేసేవే. మిగిలిన 275 ఇంటర్వ్యూవి, ఎక్కువ వివాదమూ అక్కడే. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి కిందిస్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు తీసేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1కు కూడా తీసేసింది. సిఫారసుకు దారి మూసుకుపోయినందుకు చాలామంది సంతోషించారు. అయినా, జనంతో రోజూ మాట్లాడాల్సిన అధికారిని ఒక్కసారైనా ఎదురుగా కూర్చోబెట్టి చూడకుండా ఎంపిక చేయడం సరైనదేనా అన్న సందేహాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

మూయడం వల్ల ఎవరికి మేలు జరగాలని ఆశిస్తామో వారికే కీడు జరగవచ్చునని ఫ్రాన్స్‌లో బయటపడింది. అక్కడ 2010-11లో కొన్ని కంపెనీలు పేరు, చిరునామా తీసేసిన దరఖాస్తులతో ఎంపిక చేసి చూశాయి. వలస కుటుంబాల అభ్యర్థులకు పిలుపులు పెరగకపోగా తగ్గాయి. పేరూ చిరునామా కనిపించినప్పుడు, వెనుకబడిన వాడ నుంచి వచ్చాడు కాబట్టి చదువులో విరామమో, అనుభవంలో వెలితో ఉంటుందని కొందరు సర్దుకుని చూసేవారనీ, వివరాలు మూసేశాక ఆ వెలితి మాత్రమే మిగిలిందనీ పరిశోధకులు వివరించారు. ఆ ప్రయోగంలో చేరినవి ఇష్టపడి ముందుకొచ్చిన కంపెనీలే. పక్షపాతం బలంగా ఉన్నచోట ఫలితం వేరుగా ఉండేదేమో. మన దగ్గరైనా పేరు తీసేస్తే కాలేజీ పేరు, తెలుగు మీడియం, ఊరు మిగులుతాయి. అనుమానించాలనుకునేవారికి అవి చాలు.

ఇంకో అభ్యంతరం లెక్కలకు లొంగేది కాదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం, అవమానంగా వాడిన కులం పేరును తమ పేర్ల చివర తలెత్తుకుని రాసుకోవడం నేర్పింది. మంద కృష్ణ మాదిగ పేరు ఈ రోజు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అందరికీ తెలుసు. దానికి చాలా ముందే, 1929లో తమిళనాట చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభ కులతోకలు వదిలేయమని పిలుపునిచ్చింది. రెండూ గౌరవం కోసం సాగినవే, దారులే ఎదురెదురు. పేరు దాచమని అడిగినప్పుడు, తప్పు తీర్పరిదైతే నేనెందుకు దాక్కోవాలని ఒక యువకుడు నిలదీస్తే ఆ మాటలో న్యాయముంది. ఆకలితో ఉన్నవాడికి ముందు ఉద్యోగం కావాలనే మాటలోనూ అంతే న్యాయముంది.

వయసు సంగతి మరింత చిక్కు. పేరు పనితనం గురించి ఏమీ చెప్పదు. వయసు కొంత చెబుతుంది. పరుగెత్తాల్సిన కానిస్టేబుల్‌కు పరిమితి పెట్టడాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆ కొంతను మనం చాలా దూరం లాగుతాం. పెద్దతరంలో చాలామంది పుట్టిన తేదీ, బడిలో చేర్చుకున్న రోజు అయ్యవారు ఉజ్జాయింపుగా వేసినది. తర్వాత జీవితమంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదవీవిరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. చదువుకున్న నిరుద్యోగులకు చోటు కల్పించడం ఉద్దేశమని చెప్పింది. వేలమంది ఒక్కసారిగా ఇంటికి వెళ్లారు. ఆ నిర్ణయం రాజ్యాంగ విరుద్ధం కాదని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది: ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61. అనుభవం నిలుస్తుంది, కోచింగ్ సెంటర్లలో ఎదురుచూసేవారి వరుస మాత్రం పెరుగుతుంది. వారి కోసం తెలంగాణ దరఖాస్తు గరిష్ఠ వయసును 2022లో 44కు, 2024లో 46కు పెంచింది. నోటిఫికేషన్లు ఆలస్యమైనవారికి అది న్యాయమే. అదే సమయంలో, నలభై దాటేదాకా పరీక్షలకే అంటిపెట్టుకునేలా ఆశ చూపడం కూడా అవుతుందేమో ఆలోచించాలి.

ప్రైవేటు రంగంలో ఈ పాటి చర్చ కూడా లేదు. అమెరికాలో 40 దాటినవారికి 1967 నుంచి చట్ట రక్షణ ఉంది. మన రాజ్యాంగం 16వ అధికరణం మతం, కులం, లింగం వంటివి పేర్కొంది గానీ వయసును చేర్చలేదు. పైగా అది ప్రభుత్వోద్యోగాలకే వర్తిస్తుంది. పుట్టిన తేదీ అడగకపోయినా డిగ్రీ పూర్తయిన సంవత్సరం చూసి లెక్కకట్టేస్తారు. పిల్లల కోసం కొన్నేళ్లు ఆగి తిరిగి వచ్చే స్త్రీలు దీనివల్ల ఎక్కువ నష్టపోతున్నారని నాకనిపిస్తుంది: ‘గ్యాప్ ఎందుకొచ్చింది’ అనే ప్రశ్నకు వారి దగ్గరున్న నిజాయితీ గల జవాబే వారికి అడ్డమవుతుంది. యాజమాన్యాల వైపు నుంచి చూస్తే, శిక్షణకు పెట్టిన ఖర్చు రాబట్టుకోవాలంటే కొన్నేళ్లు పనిచేసేవారు కావాలి. ఈ లెక్క పూర్తిగా తప్పు కాదు. ఇరవై అయిదేళ్లవాడు మూడేళ్లు కూడా నిలవకుండా కంపెనీ మారుతున్నప్పుడు మాత్రం అది బలహీనపడుతుంది. చిన్నవాళ్లకూ వయసు దెబ్బ తగులుతుంది. ‘నీకేం తెలుసురా’ అనే మాటకింద నలిగిపోయిన మంచి ఆలోచనలకు లెక్కలేదు.

అందుచేత అన్నిచోట్లా మూయడమో, అన్నిచోట్లా తెరవడమో పరిష్కారమని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. వందల దరఖాస్తులను గబగబా ఏరే మొదటి వడపోతలో తీర్పరి ఎవరికీ జవాబు చెప్పడు. అక్కడ పేరు, పుట్టిన తేదీ, డిగ్రీ సంవత్సరం మూసిపెట్టడం మేలు. రిజర్వేషన్ వర్గం వివరాలు, పరిస్థితుల వల్ల వచ్చిన వెలితిని అభ్యర్థే చెప్పుకునే అవకాశం విడిగా ఉండాలి. ఎదురుగా కూర్చున్నాక దాచడం అసాధ్యం, అనవసరం. అక్కడ కావాల్సింది అందరికీ ఒకే ప్రశ్నలు, తిరస్కరించిన అభ్యర్థుల విషయంలో రాతపూర్వక కారణం, ఏటా ఎవరు వచ్చారు, ఎవరు మిగిలారు అన్న లెక్క. ఆ లెక్క తీయడానికైనా పేర్లు, వయసులు ఎక్కడో ఒకచోట భద్రంగా ఉండాలి. వయోపరిమితి పెట్టదలచినవారు ఆ పనికి అది ఎందుకు అవసరమో ప్రకటనలోనే ఒక వాక్యం రాయాలి. హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో సిబ్బందిని ఎంపిక చేసే చోట ఉన్న పాఠకులకు నా మనవి: ఒక్క నియామకానికి ఇలా చేసి, మీకు వచ్చిన జాబితాను పాత జాబితాతో పోల్చి చూడండి. తేడా లేకపోతే పాత పద్ధతికే వెళ్లవచ్చు.