ఏ పందెము ఈదవలెను? ఏది విడువవలెను?

కర్నూలు ప్రాంతమునకు చెందిన 64 ఏండ్ల విశ్రాంత ఉపాధ్యాయుడొకరు ఒకనాడు సతీసమేతముగా మా వైద్యశాలకు వచ్చిరి. బాల్యమున నడుమునకు బెండు కట్టుకొని దిగుడుబావిలో ఈత నేర్చి, కర్నూలు-కడప కాలువలో తోటివారితో పందెములు వేసినవారు. ఇప్పుడు ఈతకొలనులో మరల సాధన మొదలిడి, పెద్దవారికై జరుపు ‘మాస్టర్స్’ పోటీలకు పోవుచున్నారు. వారి చేతనున్న ప్రవేశపత్రమున ఆరు పందెములకు గుర్తులు పెట్టియున్నవి.

“స్వామీ, పోటీకి ఇంక పది దినాలే ఉండేది. బలానికి ఏదన్నా లేహ్యం ఇయ్యండి” అనిరి.

“రాత్రిళ్ళు దగ్గుతా ఉండారు స్వామీ. మెట్లెక్కితే ఎదలో బరువంటారు. చెప్తే వినరు” అని ఇల్లాలు మెల్లగా పలికినది.

నేను లేహ్యమీయలేదు. ముందుగా హృదయ వైద్యనిపుణుని దర్శించి రమ్మంటిని. అచట వారి రక్తపోటు మిక్కిలి హెచ్చుగా నున్నట్లు తెలిసినది. ఆ యేటి పోటీని పూర్తిగా మానుకొనుమని చెప్పినప్పుడు ఆయన ముఖము చిన్నబోయినది. ఆ ముఖమే నాచే ఈ వ్యాసము వ్రాయించుచున్నది.

ఈ విషయమున లోకమున రెండు తప్పుడు తలంపులు గలవు. ముసలివారికి పోటీలేల యనునది మొదటిది. మనస్సు గట్టిదైన వయస్సు లెక్కకు రాదనునది రెండవది. మొదటి తలంపువారు వాగ్భటుని ఆశ్రయింతురు. వ్యాయామము కూడని వారిలో ఆయన బాలురను, అజీర్ణ రోగులను, వాతపిత్త వ్యాధులు గలవారిని, వృద్ధులను చేర్చిన మాట నిజమే. కాని వృద్ధుడెవరు? చరకుని లెక్కలో మధ్య వయస్సు 60 ఏండ్లకు ముగియును. సుశ్రుతుని లెక్కలో 70 వరకు సాగును. ఈ నడిమి పదేండ్లలో నిర్ణయము జన్మపత్రికను బట్టి గాక, అగ్నిబలమును, దేహబలమును, అభ్యాసమును బట్టి చేయవలెను. చిన్ననాటి నుండి నీటికి అలవడిన దేహమునకు ఈత సాత్మ్యమై యుండును. దానిని ఒక్కసారిగా మాన్పించుట వైద్యము కాదని నా అభిప్రాయము.

అట్లని హద్దు లేకపోలేదు. వ్యాయామమును అర్ధశక్తితోనే చేయుమని శాస్త్రము. నుదుట, ముక్కున, కీళ్ళయందు చెమట పట్టుట, నోరెండుట, నోటితో ఊపిరి తీయవలసి వచ్చుట అర్ధశక్తికి గుర్తులు. నీటిలో చెమట కానరాదు గనుక ఈతగానికి ఊపిరియే ప్రమాణము. శక్తిని మించి శ్రమించువాడు ఏనుగును ఈడ్చిన సింహమువలె నశించునని ఆచార్యులు హెచ్చరించిరి. పందెములో అర్ధశక్తితో ఆగువారెవరు? ఎవరునూ ఆగరు. కావుననే నిత్యసాధన సంపాదన వంటిది, పందెము వ్యయము వంటిది అందును. సంపాదన రోజూ ఉండవచ్చును. వ్యయము మాత్రము ఎంచి చేయవలెను. ఆరు పందెములకన్న రెండు మేలు. వానినడుమ తగిన విశ్రాంతి యుండుట ఇంకనూ మేలు.

ఎంచుటకు మొదటి ఆధారము ఋతువు. హేమంత, శిశిర, వసంతములు వ్యాయామమునకు అనుకూలములు. గ్రీష్మమున వ్యాయామమును, ఎండను విడువుమనిరి. వర్షర్తువునను శ్రమ తగదనిరి. వేసవిలో 40 డిగ్రీలు దాటి మండు మన రాయలసీమలో మిట్టమధ్యాహ్నము ఆరుబయలు కొలనులో జరుగు దూరపు పందెమును నిస్సంకోచముగా విడువవచ్చును.

రెండవది ఆనాటి దేహస్థితి. పీనసము, చెవినొప్పి, కంటిజబ్బు, అతిసారము, కడుపుబ్బరము, అజీర్ణము ఉన్నప్పుడును, భోజనము చేసిన వెంటనేయు స్నానమే కూడదని శాస్త్రము. స్నానమే కూడనినాడు పందెమెట్లు కూడును? ఎదలో బరువు, కండ్లు తిరుగుట, అకారణమైన ఆయాసము కలిగినచో అది ఇంటివైద్యమునకు లొంగు విషయము కాదు. ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

మూడవది పందెపు తీరు. బటర్‌ఫ్లై ఈత భుజములకు, నడుమునకు భారము. బ్రెస్ట్‌స్ట్రోక్‌లోని కాలితాపు మోకాలి లోపలి ప్రక్కను బాధించును. కీళ్ళవాతము గలవారు ఈ రెంటిని తగ్గించి, ఫ్రీస్టైల్‌నో వెల్లకిల ఈతనో ఎన్నుకొనవలెను. దూకుటకు జంకువారు నీటిలోనుండియే బయలుదేరుటకు మాస్టర్స్ నియమములు అనుమతించుచున్నవి. ఆ వెసులుబాటును వాడుకొనుటకు సిగ్గేల?

జపాను దేశస్థురాలు మియెకో నగవోకా 2015లో 100 ఏండ్ల వయస్సున 1500 మీటర్ల ఫ్రీస్టైల్ పందెమును 1 గంట 15 నిమిషములలో ముగించిరి. ఫ్రీస్టైల్‌లో ఏ ఈతయైనను ఈదవచ్చును గనుక ఆమె వెల్లకిలనే ఈదిరి. ఆమె ఈత నేర్చుటయే 80 ఏండ్లు దాటిన పిమ్మట. తన దేహమునకు తగినదానిని ఎంచుకొనుటయే ఆమె నేర్పు.

మన హైదరాబాదు వనిత గోలి శ్యామల 40 ఏండ్లు దాటిన వయస్సున, 2021 మార్చిలో, శ్రీలంక నుండి ధనుష్కోటి వరకు సుమారు 30 కిలోమీటర్ల సముద్రమును 13 గంటలకు పైగా ఈది దాటిరి. అట్టి ఈతకు వెంట పడవ, సహాయకులు ఉందురు. అది చూచి తుంగభద్రలో ఒంటరిగా దిగరాదు. నదిని చేతులతో ఈది దాటవలదని వాగ్భటుడు స్పష్టముగా చెప్పెను.

సాధన చేయువారు ఇంట పాటింపదగినవి కొన్ని గలవు. ఈతకు ముందు గోరువెచ్చని నువ్వులనూనెను భుజములకు, మోకాళ్ళకు పట్టించి, కొంతసేపటికి సున్నిపిండితో కడిగి కొలనుకు పోవలెను. పిమ్మట తల, చెవులు చక్కగా తుడుచుకొని, శొంఠి వేసి కాచిన నీరు త్రాగవలెను. ఆకలి వేసినపుడు జొన్నరొట్టెయో, రాగిసంకటియో, పలుచని మజ్జిగతో భుజింపవలెను. పోటీకి పది దినముల ముందు క్రొత్త లేహ్యమేదియు మొదలిడరాదు. రసాయనము నిదానముగా పనిచేయునది. అది పందెపు గుర్రమునకు కొరడా కాదు.

మాస్టర్స్ పోటీలలో వయోవర్గములు అయిదేసి ఏండ్లకొకటి. అనగా ఒక్కొక్క వర్గమున అయిదు శీతకాలములు చేతనుండును. ఒకటి విడిచినచో నాలుగు మిగులును.

మా ఉపాధ్యాయులు ఆ యేడు విడిచిరి. వైద్యుడిచ్చిన మందు మానక, ఉప్పు తగ్గించి, నిదానముగా సాధన సాగించిరి. మరుసటి యేట 65-69 వర్గమున అందరికన్న చిన్నవారై, వైద్యుని అనుమతితో రెండే పందెములు ఈదిరి. పతకము వచ్చెనా యని నేనడుగలేదు. ఇల్లాలిని మాత్రము, రాత్రి నిద్ర పట్టుచున్నదా యని అడిగితిని. “ఇద్దరికీ పడతా ఉంది స్వామీ” అనినది.