నెగటివ్‌ను పారేస్తామా?

మీ ఇంట్లో పాత ఫోటోల ఆల్బమ్ ఉంటే ఒకసారి తెరిచి చూడండి. ఏ చిన్న కవరులోనో నల్లటి ఫిల్ము ముక్కలు కనిపించవచ్చు. అవే నెగటివ్‌లు. ఫోటో చిరిగినా, రంగు వెలిసినా నెగటివ్ ఉంటే మళ్ళీ కడిగించుకోవచ్చు. అందుకే పెద్దవాళ్ళు వాటిని అంత భద్రంగా దాచేవారు.

మరి డిజిటల్ కెమేరాకు నెగటివ్ ఉందా? ఉంది! చాలా కెమేరాల్లో ‘రా + జేపెగ్’ అనే ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే మీట ఒక్కసారి నొక్కగానే రెండు ఫైళ్ళు తయారవుతాయి. ‘రా’ అంటే పచ్చిది. జేపెగ్ వండి వడ్డించినది. ముఖ్యమైన ఫోటోలకు ఈ జంటను విడదీయకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

కెమేరా సెన్సరుకు రంగులు తెలియవు. వెలుగు ఎంత పడిందో మాత్రమే తెలుస్తుంది. అందుకని దానిమీద రంగుల గళ్ళు పరుస్తారు. ప్రతి నాలుగు గళ్ళలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కొడాక్ కంపెనీ శాస్త్రజ్ఞుడు బ్రైస్ బేయర్ కనిపెట్టిన ఈ అమరికకు 1976లో పేటెంటు లభించింది. ఆ గళ్ళలో పడిన వెలుగు కొలతల పట్టికే రా ఫైలు. 14 బిట్ల ఫైలయితే ఒక్కొక్క గడిలోని వెలుగుకు 16,384 మెట్లుంటాయి. మామూలు జేపెగ్‌లో ఒక్కొక్క రంగుకు 256 మెట్లే!

పైగా జేపెగ్ చిత్రాన్ని 8×8 చుక్కల ముక్కలుగా విడగొట్టి, మన కంటికి అంతగా ఆనని వివరాలను వదిలేస్తుంది. ఇందుకు ఆధారమైన గణితాన్ని బెంగుళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, తన సహచరులు టి. నటరాజన్, కె.ఆర్. రావులతో కలిసి 1974లో ప్రకటించాడు. గొప్ప ఆలోచనే. కాని వదిలేసినది మళ్ళీ తిరిగి రాదు.

ఈ సంగతి నాకు కాస్త ఆలస్యంగా తెలిసివచ్చింది. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణాన్ని ఫోటోలు తీశాను. మర్నాడు జేపెగ్‌లకు ‘గ్రహణం-1’, ‘గ్రహణం-2’ అని చక్కని పేర్లు పెట్టుకున్నాను. రా ఫైళ్ళు పాత నంబర్లతోనే మిగిలాయి. కొన్నాళ్ళకు అవేమిటో గుర్తుపట్టలేక, ఊరికే చోటు తింటున్నాయని తుడిచేశాను. తరువాత చంద్రుడి నీడ భాగంలోని మసక ఎరుపును పైకి తేవాలని వెలుగు పెంచి చూస్తే, జేపెగ్‌లో మచ్చలే మిగిలాయి. ఆ రాత్రి మళ్ళీ వస్తుందా?

తప్పెక్కడ జరిగింది? జంట ఫైళ్ళకు పేరు ఒక్కటే, తోక మాత్రమే వేరు. ఫోటో సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఆ పేరును బట్టే జంటను గుర్తిస్తుంది. ఒకదాని పేరు మార్చామో, జంట విడిపోయినట్లే. కాబట్టి పేరు మారిస్తే రెండింటికీ కలిపి మార్చండి. పేరులో తేదీ కూడా చేర్చండి. ఎందుకంటే కెమేరా నంబరుకు నాలుగే అంకెలు. 9999 దాటితే మళ్ళీ 0001 వస్తుంది.

మరొక జాగ్రత్త. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు జంటను ఒకే ఫోటోగా చూపుతాయి, కొన్ని విడివిడిగా చూపుతాయి. ‘తొలగించు’ అంటే పోయేది ఒకటా, రెండూనా? ముందు పనికిరాని ఫోటోమీద పరీక్షించి తెలుసుకోండి.

“ఇంత చోటు ఎక్కడిది?” అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2 కోట్ల 40 లక్షల గళ్ళను 14 బిట్లతో హెచ్చించి 8తో భాగించండి. కుదించని రా ఫైలు ఒక్కటే 42 మెగాబైట్లు! కాబట్టి అన్నీ దాచమని నేననను. కదిలిపోయిన ఫోటో అయితే జంటగానే తీసేయండి. సరదా ఫోటోలకు జేపెగ్ ఒక్కటీ చాలు. అది దాదాపు ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది. కంపెనీకొక రకంగా ఉండే రా ఫైలుకు ఆ సుళువు లేదు.

కాని గ్రహణం, అరుదుగా వచ్చే పక్షి, తాతయ్య నవ్వు, ఇటువంటివి మళ్ళీ దొరకవు. వాటి నెగటివ్‌ను మాత్రం పారేయకండి. ఈ ఆదివారం మీ ఫోటోలు ముందేసుకుని, ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో మీరే తేల్చుకోండి.