మనవాడు కొన్నాడని మంచి బేరం అయిపోతుందా?

2016 జూన్ 13న మైక్రోసాఫ్ట్ కంపెనీ లింక్డ్‌ఇన్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. ధర 2,620 కోట్ల డాలర్లు. అప్పటి లెక్కన మన డబ్బులో దాదాపు 1 లక్షా 75 వేల కోట్ల రూపాయలు! మా తరగతిలో అందరికీ ఒకటే సంతోషం. "సత్య నాదెళ్ల మనవాడే కదా, హైదరాబాదులో పుట్టాడు, ఆయన చేస్తే తప్పెలా అవుతుంది?" అన్నారు. నాకూ ఆయనంటే గౌరవమే. తమిళనాడులో ఉంటూ తెలుగులో చదువుకునే మనకు అలాంటి పేరు వింటే ఛాతీ పొంగుతుంది. కానీ మనవాడు కొన్నంత మాత్రాన అది మంచి బేరం అయిపోదు.

మా నాయన సంతలో ఆవును కొనేముందు పళ్లు చూస్తాడు, పాలు పిండించి చూస్తాడు, ఆ తర్వాతే ధర మాట్లాడతాడు. మరి ఈ ఆవు పాలెన్ని? 2015లో లింక్డ్‌ఇన్ రాబడి దాదాపు 300 కోట్ల డాలర్లు. అయినా ఏడాది చివరికి నష్టమే మిగిలింది. 2016 ఫిబ్రవరిలో ఒక్క రోజులోనే దాని షేరు ధర 40 శాతానికి పైగా పడిపోయింది. బజారులో 131 డాలర్లున్న ఆ షేరుకు మైక్రోసాఫ్ట్ 196 డాలర్లు ఇస్తానంది. అంటే సగానికి సగం ఎక్కువ.

"43 కోట్ల మంది సభ్యులున్నారు" అని 2016లో అన్నారు. నేను లెక్క వేశాను. తలకు 60 డాలర్లు, అప్పటి లెక్కన సుమారు 4,000 రూపాయలు పడింది. కానీ నెలకు ఒక్కసారైనా చూసేవాళ్లు అప్పట్లో పదిన్నర కోట్ల మందే ఉండేవారు. బడి మానేసినవాళ్ల పేర్లు కూడా హాజరు పట్టీలో ఉంచి, బడి నిండుగా ఉందని చెప్పినట్టు లేదూ?

"ముందు ముందు లాభం వస్తుంది" అని ఇంకో మాట. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! న్యూస్ కార్ప్ కంపెనీ 2005లో 58 కోట్ల డాలర్లకు మైస్పేస్‌ను కొంది. 2011లో సుమారు మూడున్నర కోట్లకు అమ్ముకుంది. మైక్రోసాఫ్టే 2014లో నోకియా ఫోన్ల వ్యాపారాన్ని తీసుకుని, మరుసటి ఏడే 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసింది. 7,800 ఉద్యోగాలు తీసేస్తామంది. ఆ బేరం నాదెళ్లగారు పెద్ద కుర్చీ ఎక్కకముందే కుదిరింది, అది ఒప్పుకోవాలి. కానీ దెబ్బ ఎవరికి తగిలింది? మన శ్రీపెరుంబుదూరు నోకియా ఫ్యాక్టరీ పన్ను తగాదా వల్ల ఆ బేరంలో చేరక, 2014 నవంబరులో ఆగిపోయింది. పెద్దవాళ్లు బేరాలాడితే వీధిన పడేది పనివాళ్లే.

మా అన్న ఇంజనీరింగు చివరి ఏడు. వాడూ అందులో పేరు, చదువు, ఫోను నంబరు అన్నీ నింపాడు. "ఊరికే కదరా" అంటాడు. ఊరికే అయితే ఆ 4,000 దేనికి ఇచ్చారు? అన్న వివరాలే అక్కడ సరుకు. 2012లో అక్కడ చోరీ అయిన 11 కోట్లకు పైగా ఖాతాల వివరాలు 2016 మే నెలలో అమ్మకానికి వచ్చాయి. సరుకు అన్నది, డబ్బు ఇంకొకరిది, భయం మళ్లీ అన్నదే!

రేపు లాభం వస్తే నేను పొరబడ్డానని ఇదే పత్రికలో రాస్తాను. అంతదాకా చప్పట్లు కొట్టను. అన్నలారా, అక్కలారా, మీ వివరాలు నింపేముందు మా నాయన ఆవును చూసినట్టు ఒక్కసారి చూడండి.

— పదో తరగతి