ప్రారంభోత్సవం నాటి నీళ్లు

అమెరికా చర్చిల్లో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. మలావీలోనో హోండురాస్‌లోనో ఒక పల్లెకు మంచినీళ్ల బోరు వేయించడానికి కానుకలు పంపితే చాలదట, సంఘం తరఫున పదిమంది వెళ్లి దాన్ని కళ్లారా చూసి రావాలట. చూస్తే డబ్బు ఎక్కడికి పోయిందో తెలుస్తుంది, ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ మధ్య బంధం కలుస్తుంది, తిరిగొచ్చినవాళ్లు మరింత ఉదారంగా ఇస్తారు అంటారు. హ్యూస్టన్‌లో 1990లో మొదలైన లివింగ్ వాటర్ ఇంటర్నేషనల్ వంటి క్రైస్తవ సంస్థలు సంఘసభ్యుల బృందాలను మధ్య అమెరికా పల్లెలకు తీసుకెళ్లి బోరు పనిలో పాలుపంచుకోనిస్తాయి. అన్ని రకాల సేవా యాత్రలూ కలిపితే ఏటా 16 లక్షల మంది అమెరికన్ క్రైస్తవులు ఇలా కొద్ది రోజులకు విదేశాలకు వెళ్లొస్తున్నారని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వుత్నో 2005 నాటి సర్వేను బట్టి అంచనా వేశారు. వీళ్ల మనసు మంచిదే, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. చూసి రావడమే జవాబుదారీతనం అన్న లెక్క తప్పు. అతిథులు చూసేది పంపు తప్పకుండా పనిచేసే ఒకే ఒక్క రోజును. ప్రాజెక్టు మొత్తం ఆ రోజుకు తగ్గట్టు తయారవుతుంది, తర్వాతి పదేళ్లు ఎవరి పద్దులోనూ ఉండవు.

ఆ పదేళ్లలో ఏం జరుగుతుందో ఎవరూ దాచిపెట్టలేదు. గ్రామీణ నీటి సరఫరా మీద పనిచేసే అంతర్జాతీయ వేదిక ఆర్‌డబ్ల్యూఎస్ఎన్ 2009లో సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల లెక్కలు బయటపెట్టింది. ఏ రోజు చూసినా అక్కడి చేతిపంపుల్లో మూడో వంతుకు పైగా ఆగిపోయే ఉన్నాయి. దశాబ్దం తర్వాత వచ్చిన మరో అంచనాలో కూడా నాలుగింట ఒకటి పనిచేయడం లేదని తేలింది. బోరు తప్పుచోట వేయడం, పైపులు తుప్పు పట్టడం, వేసవిలో నీటిమట్టం దిగిపోవడం వంటి పెద్ద కారణాలు ఉన్నాయి, కానీ చాలాసార్లు కారణం చాలా చిన్నది. 1980లలో రూపుదిద్దుకుని మలావీ, కెన్యాల్లో విరివిగా వాడుకలోకి వచ్చిన ఆఫ్రిడెవ్ పంపునే తీసుకోండి. ఊరివాళ్లే విప్పి బాగుచేసుకోగలగాలని దాన్ని తయారుచేశారు. పైపులు లాగకుండానే లోపలి కడ్డీలనూ పిస్టన్‌నూ పైకి తీయవచ్చు. రబ్బరు సీళ్లు, హ్యాండిల్ బుష్‌లు ఏటా మార్చాలి, అవి కొద్ది డాలర్లకే వస్తాయి. వేల డాలర్లు పోసి వేసిన బోరు ఆ కొద్ది డాలర్ల సీలు దొరక్క ఆగిపోతుంది. సీలు అమ్మే కొట్టు దగ్గరి పట్నంలో ఉండదు, పంపు విప్పడం నేర్చుకున్న మనిషి వలస పోయి ఉంటాడు, నీటి కమిటీ చందాలు వసూలు చేయడం ఎప్పుడో మానేసి ఉంటుంది. వాషరు పోయిన బోరింగు నెలల తరబడి అలాగే పడి ఉండటం మన పల్లెలకూ తెలియనిది కాదు. ఆ నెలల్లో ఆడవాళ్లూ పిల్లలూ మళ్లీ పాత మడుగుకే నడుస్తారు. ఏడాదిలో కొద్ది రోజులు మురికి నీళ్లు తాగినా, మిగతా రోజుల శుభ్రమైన నీటివల్ల కలిగిన ఆరోగ్య లాభంలో చాలా భాగం పోతుందని 2009లో అచ్చయిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ప్రారంభోత్సవం ఫొటోలో ఆ సీలు ఉండదు, ఆ కొట్టు ఉండదు, ఆ మెకానిక్ ఉండడు.

నీళ్లలో ఏముందో కూడా చూపుకు అందదు. బంగ్లాదేశ్‌లో 1970ల నుంచి యూనిసెఫ్ తోడ్పాటుతో పెద్ద ఎత్తున గొట్టపు బావులు వేశారు, చెరువు నీళ్ల వల్ల వచ్చే కలరా, విరేచనాల నుంచి పిల్లల్ని కాపాడాలని. నీళ్లు తేటగా వచ్చాయి. ఆ నీళ్లలో ఆర్సెనిక్ ఉన్నట్టు 1993లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో 2000లో వచ్చిన వ్యాసం ప్రమాదంలో ఉన్నవారి సంఖ్యను 3.5 కోట్ల నుంచి 7.7 కోట్లుగా అంచనా కట్టి, ఒక జనాభా మొత్తానికి విషం ఎక్కిన ఘటనల్లో చరిత్రలో ఇదే అతి పెద్దదని రాసింది. ఫ్లోరైడ్ సంగతి తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అదే బెడద ఉన్న తూర్పు ఆఫ్రికా రిఫ్ట్ లోయ పల్లెల కోసం ఆ పద్ధతిని టాంజానియా, ఇథియోపియాల్లోనూ ప్రయత్నించారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిన ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఎంత ప్రేమగల అతిథి గ్లాసెత్తి తాగినా అది బయటపడదు. దానికి ప్రయోగశాల పరీక్ష కావాలి, అదీ ఏటా.

చూపించుకోవాల్సిన అవసరం పనిని ఎటు లాగుతుందో ప్లేపంప్ వ్యవహారం చెబుతుంది. అది చర్చి ప్రాజెక్టు కాదు గానీ తర్కం అదే. పిల్లలు రంగులరాట్నం తిప్పుతూ ఆడుకుంటే నీళ్లు ట్యాంకులోకి ఎక్కుతాయన్నారు. 2006లో అమెరికా ప్రథమ మహిళ లారా బుష్ ఆ పంపులకు 1.64 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. చెప్పినంతమందికి నీళ్లందాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని 2009లో గార్డియన్ పత్రిక లెక్క తేల్చింది. పిల్లలు లేని వేళ ఆ చక్రం తిప్పే బరువు ఆడవాళ్ల మీదే పడింది. చర్చి బోరుకు రంగులరాట్నం ఉండదు, కానీ కొత్త బోరుకు దొరికినంత సులువుగా పాత బోరు మరమ్మతుకు డబ్బు దొరకదు. పక్క ఊళ్లో ఆగిన పంపు ఉంటే అతిథులను అటు ఎవరు తీసుకెళ్తారు? స్థానిక సంస్థకు వచ్చే ఏడాది నిధులు ఆ అతిథుల తృప్తి మీదే ఆధారపడినప్పుడు, చెడిపోయిన పంపుల గురించి నోరు విప్పడానికి ఎవరికి ధైర్యం వస్తుంది?

చూడనివాళ్లు ఇవ్వరు కదా అంటారు. 1998 నాటి మిచ్ తుపాను తర్వాత హోండురాస్‌లో ఇళ్లు కట్టడానికి వెళ్లిన ఉత్తర అమెరికా బృందాలను కాల్విన్ కాలేజీ సామాజిక శాస్త్రవేత్త కర్ట్ వెర్ బీక్ అధ్యయనం చేశారు. స్థానికులు కట్టిన ఇంటికి సుమారు 2,000 డాలర్లయ్యేది, ఒక బృందం వచ్చిపోవడానికి సుమారు 30,000 డాలర్లు. ఇల్లు ఎవరు కట్టారన్నదాన్ని బట్టి ఆ కుటుంబాల బతుకుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తిరిగొచ్చాక ఎక్కువ ఇస్తున్నామని చాలామంది చెప్పినా, కానుకల రికార్డుల్లో ఆ పెరుగుదల స్వల్పంగానే కనిపించింది. ప్రయాణపు డబ్బు వేరు, యాత్ర మానినంత మాత్రాన అది బోరుకు రాదు అని వాదించేవాళ్లున్నారు. కొందరి విషయంలో నిజం కావచ్చు. కానీ చాలా యాత్రలకు సంఘంలోనూ బంధుమిత్రుల దగ్గరా చందాలే పోగుచేస్తారు. ఆ చందా అడిగేది పల్లె పిల్లల దాహం పేరు చెప్పే.

మోసం జరిగితేనో అన్న ప్రశ్న దీనికంటే బరువైనది. దూరం నుంచి డబ్బు పంపి కళ్లు మూసుకోమని ఎవరూ చెప్పకూడదు, నేనూ చెప్పను. అయితే మోసాన్ని గానీ అలసత్వాన్ని గానీ పట్టుకునేది ముందే కబురుపెట్టి వచ్చే అతిథి కాదు. కెన్యాలోని కిటూయి ప్రాంతంలో, క్యూసోలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చేతిపంపుల హ్యాండిళ్లలో చిన్న పరికరాలు అమర్చారు. హ్యాండిల్ ఎంతగా ఆడుతోందో ఆ పరికరం మొబైల్ నెట్‌వర్క్ మీద కబురు పంపుతుంది, కదలిక ఆగితే మెకానిక్ బయలుదేరతాడు. అంతకుముందు చెడిన పంపు బాగుపడటానికి నెల దగ్గర పట్టేది, ఆ పద్ధతిలో మూడు రోజుల లోపే అయింది. ఆ పని నుంచే ఫండీఫిక్స్ అనే స్థానిక మరమ్మతు సంస్థ పుట్టింది. ఊళ్లు తమకు చేతనైన రుసుము కడతాయి, తక్కువైనది ఒక ట్రస్టు నిధి భరిస్తుంది. చర్చి కానుక చేరాల్సిన చోటు అదీ.

ఇక విశ్వాసం, సహవాసం. యోహాను సువార్తలో సమరయ ఊరి బావి దగ్గర మొదట దాహమడిగింది యేసే. ఆ బావి ఎంత లోతో, చేదడానికి ఏం కావాలో తెలిసింది ఆ ఊరి స్త్రీకి. సంఘానికీ పల్లెకూ మధ్య సహవాసం కావాలనుకుంటే అక్కడ మొదలుపెట్టవచ్చు: వాళ్లకు తెలిసినది అడగడంతో. చర్చి నీళ్ల పనికి పనికిరాదని నా వాదన కాదు, చరిత్ర అలా చెప్పదు కూడా. 1870ల చివరి కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న మాదిగ కుటుంబాలకు కూలి దక్కేలా చేశాడు. పార పట్టింది ఇక్కడివాళ్లు, కూలి ముట్టిందీ వాళ్లకే. మరో వందేళ్లకు మన దేశంలో, ఇంటి వాడకానికి చేసిన పోత ఇనుప పంపులు ఊరంతటి తాకిడికి విరిగిపోతున్నప్పుడు, మహారాష్ట్రలోని జాల్నా, షోలాపూర్ మిషన్ల వర్క్‌షాపుల్లో గట్టి పంపు తయారైంది. మన ఊళ్లలో ప్రతివాళ్లూ చెయ్యి వేసిన ఇండియా మార్క్-2 బోరింగు దాన్నుంచే వచ్చింది, తర్వాత ఆఫ్రికాకూ వెళ్లింది. ఆ పంపును తీర్చినవాళ్లు వారం రోజులకు వచ్చినవాళ్లు కారు. చెడిపోయిన పంపుల మధ్య ఏళ్ల తరబడి ఉండి, ఎందుకు చెడుతున్నాయో విప్పి చూసినవాళ్లు.

అందుకే సంఘపెద్దలు అడగాల్సినవి వేరే ఉన్నాయి. సొంత ఊళ్లలో వాటర్ ప్లాంట్లు పెట్టించే ప్రవాస తెలుగువాళ్లకూ ఇదే వర్తిస్తుంది. బోరు ఖర్చుతో పాటే పదేళ్ల మరమ్మతుకు నిధి విడిగా ఉందా, ఏటా నీటి పరీక్ష ఫలితం ఊరివాళ్ల చేతికి వస్తుందా, పంపు నెలలో ఎన్ని రోజులు ఆడిందో రాసిపెట్టే మనిషికి జీతం ఉందా? ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబు లేని ప్రాజెక్టుకు కానుక ఇవ్వకూడదు. అయినా ఎవరో ఒకరు వెళ్లక తప్పదనుకుంటే బోరు వేసిన ఆరో ఏట, ప్రారంభోత్సవాలేమీ లేనప్పుడు, ఇద్దరు వెళ్తే చాలు, ఆ ఇద్దరిలో ఒకరికి పంపు విప్పడం తెలిసి ఉండాలి. వెళ్లగానే ఆగిపోయిన పంపు దగ్గరికి తీసుకెళ్లమని అడగాలి.