గంపకు నంబరు లేదా?

మా పొందూరులో ఆడవాళ్ళు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి సన్న నూలు వడుకుతారు. నూలుకు దేశమంతా పేరు. వడికిన చేతికి చాలినంత కూలి రాదు. శ్రీకాకుళం తీరం నుంచి విశాఖ రేవు దాకా చేపలమ్మే అక్కచెల్లెళ్ళదీ ఇదే కథ.

రేవులో మరపడవకు నంబరుంది, లైసెన్సుంది. ఇంజనుకు, ట్రాలు వలకు వెల ఉంది. తెల్లవారుజామున పాటలో చేప కొని, గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే స్త్రీకి ఏముంది? 2023 నవంబరు 19 రాత్రి విశాఖ రేవులో పడవలు కాలిపోతే, ప్రభుత్వం పడవ విలువలో 80 శాతం పరిహారం ప్రకటించింది. మంచిదే. కానీ నష్టానికి కొలత పడవ ఒక్కటేనా?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. పడవ ఒడ్డున ఉంటే గంపా ఖాళీయే. అయినా 2025లో ఇచ్చిన 20,000 రూపాయల భృతి వేటకు వెళ్ళేవారికే. అమ్మేవాళ్ళు, ఎండబెట్టేవాళ్ళు ఆ జాబితాలో లేరు.

చేప గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపడం సబబే. ఆ భారం ఆడవాళ్ళ పొయ్యి మీద పడడాన్నే నేను కాదంటున్నాను. చేపల పనిచేసే ప్రతి స్త్రీకీ ఆమె పేరుతోనే గుర్తింపు కార్డు, నిషేధకాలంలో భృతి ఇవ్వాలి. ఈ డిమాండును మన సభల తీర్మానాల్లో వదిలేయకుండా మత్స్యశాఖ కార్యాలయాల ముందుకు తీసుకెళదాం.